పిల్లి క్రిమి మీద రిసెర్చ్ చేస్తాడట, నీట్ మానేస్తాడట: ఏం చేయాలి?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా బాబు ఇంటర్ బైపీసీ సెకండియర్. ఏడాదిగా ఇంట్లో పిల్లిని పెంచుతున్నాడు. పిల్లుల నుంచి వచ్చే టాక్సోప్లాస్మా అనే క్రిమి మెదడులో చేరి మనుషుల తీరు మార్చేస్తుందని, అది ఉన్నవాళ్లకి రోడ్డు ప్రమాదాలు ఎక్కువని ఎక్కడో చదివాడు. ఇప్పుడు నీట్ మానేసి దాని మీదే రిసెర్చ్ చేస్తానంటున్నాడు. పోయిన నెల వాళ్ల నాన్న బండిని మావాడే నడుపుతూ డివైడర్‌ని గుద్దాడు, మోచెయ్యి చీరుకుపోయింది. అదంతా పిల్లి వల్లేనని మా ఆయన దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. వదిలేయాలా? బ్లడ్ టెస్ట్ చేయించాలా? అసలు ఈ చదువుకి ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మా, ముందు బండి సంగతి మాట్లాడుకుందాం. ఇంటర్ సెకండియర్ అంటే మీవాడికి 17 ఉంటాయి. గేర్ బండి లైసెన్సుకి 18 నిండాలి, 16 నిండినవాళ్లకి 50 సీసీ లోపు గేర్ లేని బండి వరకే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 199ఎ అని ఒక సెక్షన్ ఉంది. మైనర్ బండి నడిపి పట్టుబడితే బండి ఇచ్చిన పెద్దవాళ్లకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇంత ఉండగా పాపం పిల్లి మీద కేసు పెట్టడం ఏమిటండీ? తాళాలు ఇచ్చింది మీ ఆయనే కదా.

ఇక మీవాడు చదివింది. అది పుకారు కాదు, అలాగని తేలిపోయిన నిజమూ కాదు. టాక్సోప్లాస్మా గోండీ అనే ఈ పరాన్నజీవిని 1908లో ట్యునీషియాలో గుండీ అనే ఎలుకజాతి జంతువులో మొదట చూశారు. అది లైంగికంగా వృద్ధి చెందేది పిల్లిజాతి జంతువుల పేగుల్లోనే, కాబట్టి ఎలుకలోకి చేరిన క్రిమి మళ్లీ పిల్లి కడుపులోకి పోవాలి. 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించింది ఇక్కడే ఆసక్తికరంగా ఉంటుంది: మామూలు ఎలుక పిల్లి వాసన తగిలితే ఆ వైపుకి పోదు, ఈ క్రిమి ఉన్న ఎలుకలకి ఆ భయం తగ్గింది, కొన్నైతే ఆ వాసన ఉన్న చోటికే వెళ్లాయి. మరి మనుషుల్లోనూ ఏమైనా మారుస్తుందా అని ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో యారోస్లావ్ ఫ్లెగర్ అనే ఆయన ఏళ్లుగా వెతుకుతున్నారు. ఈ క్రిమి ఉన్నవాళ్లు చురుకుదనం పరీక్షల్లో కాస్త ఆలస్యంగా స్పందిస్తున్నారని ఆయన బృందం గమనించింది. 2002లో రోడ్డు ప్రమాదాల్లో పాలుపంచుకున్న 146 మందిని (డ్రైవర్లే కాదు, నడిచి వెళ్లేవాళ్లు కూడా) అదే ప్రాంతంలోని 446 మంది మామూలు జనంతో పోల్చారు. వయసు తేడా సరిచేశాక కూడా క్రిమి ఉన్నవాళ్లలో ప్రమాదం పాలయ్యే అవకాశం సుమారు 2.65 రెట్లు అని తేలింది.

మీవాడు ఇక్కడిదాకా చదివి ఆగిపోయి ఉంటాడు. ఆ తర్వాతి సంగతి కూడా చదవమనండి. 2009లో అదే బృందం 3,890 మంది సైనిక డ్రైవర్లని ముందుగా పరీక్షించి, తర్వాత ఎవరికి ప్రమాదాలు జరిగాయో చూసింది. యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోడానికి రక్తంలో పుట్టేవి) బాగా ఎక్కువగా ఉండి, పైగా రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయినవాళ్లలోనే తేడా కొట్టొచ్చినట్టు కనబడింది, పాజిటివ్ వాళ్లలో అలా లేదు. అంటే సూటిగా 'క్రిమి వస్తే యాక్సిడెంట్' అని చెప్పడానికి వీల్లేదు. 2016లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో, పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన ఎనిమిది వందల మందికి పైగా జనంలో చూస్తే మానసిక వ్యాధులకీ, తొందరపాటుకీ, వ్యక్తిత్వానికీ, జ్ఞాపకశక్తికీ ఈ క్రిమితో పెద్దగా లంకె దొరకలేదు. ఎలుకల్లో గట్టిగా కనబడింది, మనుషుల్లో ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది. అసలు ఎవరికి ఈ క్రిమి వస్తుందో చూడండి, సరిగ్గా ఉడకని మాంసం తినేవాళ్లకి, మట్టిపని చేసేవాళ్లకి, కడగని కూరలు తినేవాళ్లకి. వాళ్ల బతుకుతెరువు, వాళ్ల రోడ్లు, వాళ్ల బళ్లు కూడా వేరుగా ఉండొచ్చు కదా, అప్పుడు తేడా క్రిమిదా, ఆ బతుకుదా? ఈ ప్రశ్న మీవాడికి తనంతట తనకి తట్టిందా అని అడగండి. తట్టి ఉంటే వాడు రిసెర్చ్‌కి పనికొస్తాడని నేను నీట్ మార్కులు చూడకుండానే చెప్తాను.

వాడితో ఇంట్లోనే ఒక పని చేయించండి. 30 సెంటీమీటర్ల స్కేలుని మీరు పైనుంచి నిలువుగా పట్టుకోండి, సున్నా ఉన్న చివర దగ్గర వాడు రెండు వేళ్లు తెరిచి ఉంచాలి, మీరు చెప్పకుండా వదిలేస్తే వాడు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నాడంటే స్పందించడానికి సుమారు 0.2 సెకన్లు పట్టిందని, ఫిజిక్స్‌లో చదివిన సూత్రంతోనే లెక్క కట్టొచ్చు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఆ 0.2 సెకన్లలో బండి 3.3 మీటర్లు పోతుంది. రాత్రి సరిగ్గా నిద్రపోనప్పుడు ఒకసారి, ఫోన్ మోగుతున్నప్పుడు ఒకసారి, మామూలుగా ఒకసారి చేయించి రాసుకోమనండి. నిద్రలేమి వల్లో ఫోన్ వల్లో వచ్చే తేడా ఎంతో కళ్లారా చూస్తాడు, పైగా ఒక్కోసారి ఒక్కో అంకె వస్తే ఏది నమ్మాలన్న తలనొప్పి కూడా వాడికి అప్పుడే మొదలవుతుంది.

బ్లడ్ టెస్టుకి పరిగెత్తకండి. ఐజీజీ అనే యాంటీబాడీ పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి సోకిందనే అర్థం, అంతకు మించి వాడి డ్రైవింగ్ గురించి ఆ రిపోర్టు ఏమీ చెప్పదు. తిత్తుల రూపంలో లోపల దాక్కున్నదాన్ని పూర్తిగా తుడిచేసే మందు ఇప్పటికీ లేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి సాధారణంగా వైద్యం అవసరమూ లేదు. ఇంట్లో గర్భిణి ఉన్నా, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు ఉన్నా, ఎవరికైనా చూపు మసకబారుతున్నా అది వేరే విషయం, డాక్టర్‌ని కలవాల్సిందే. పిల్లి సోకిన కొత్తలో ఒకటి నుంచి మూడు వారాలే ఆ క్రిమి గుడ్ల లాంటివాటిని మలంలో విసర్జిస్తుంది, అవి మనకి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి దాని మలం రోజూ తీసేసి చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. దానికి పచ్చిమాంసం పెట్టకండి, బయట ఎలుకల వేటకి వదలకండి. హలీమ్ గంటలకొద్దీ ఉడుకుతుంది కాబట్టి దాంతో భయం లేదు గానీ లోపల ఎర్రగా ఉండే కబాబులు మానేయమనండి, కొత్తిమీర బాగా కడిగి వాడండి. పిల్లిని రోడ్డు మీద వదిలేయడం మాత్రం చేయకండి.

ఇప్పుడు అసలు సంగతి, చదువు. పరాన్నజీవుల మీద పనిచేయాలనుకునేవాడికి హైదరాబాద్ కంటే మంచి ఊరు ఏముంటుంది? 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ మలేరియా క్రిమీ మీవాడి టాక్సోప్లాస్మా ఒకే వర్గానికి చెందినవి. గచ్చిబౌలి వైపున్న జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ నియాబ్‌లో టాక్సోప్లాస్మా మీద పని జరుగుతోంది, హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్‌తో పాటు మెదడు మీద పనిచేసే విభాగమూ ఉంది. దారులు చాలానే ఉన్నాయి. తిరుపతి ఐసర్ లాంటి కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థల్లో, డిగ్రీ పీజీ కలిపి ఉండే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఒకటి. రాజేంద్రనగర్ వెటర్నరీ కోర్సు ఇంకొకటి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఇది నాకు బాగా నచ్చిన దారి, ఎందుకంటే రిసెర్చ్ కుదరకపోయినా చేతిలో వృత్తి ఉంటుంది, ఎంవీఎస్సీ అనే వెటర్నరీ పీజీలో పారాసైటాలజీ, అంటే పరాన్నజీవుల శాస్త్రం చేయొచ్చు. ఎంబీబీఎస్ అయ్యాక మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ కూడా ఇటే వస్తాయి. అందుకే నీట్ మానేయొద్దు, ఈసారికి రాయనివ్వండి, కాకపోతే సీటు రాలేదని లాంగ్ టర్మ్‌లో వేసి ఇంకో రెండేళ్లు నలిపేయకండి. వీధి చివర ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ బయోటెక్నాలజీ అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం ల్యాబ్ చూడకుండా ఫీజు కట్టకండి.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. పీహెచ్‌డీ దాకా వెళ్తే ఇంటర్ తర్వాత పదేళ్లు ఎక్కడికీ పోవు. నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, అద్దె భత్యం దానికి అదనం. ఐటీలో చేరిన వాళ్ల బావతో పోల్చి చూడడం మొదలుపెట్టారా, ఇంట్లో రోజూ గొడవే. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్, ఫార్మా కంపెనీలు ఉన్నాయి కాబట్టి ఎమ్మెస్సీతో ఆపినా బతకొచ్చు, మొదటి జీతాలు మాత్రం గొప్పగా ఉండవు.

ఒక్క విషయంలో మీవాడికి గట్టిగా చెప్పాలి. బైపీసీలో చేరింది లెక్కలు తప్పించుకోవడానికే అయితే ఈ రంగం వాడికి కాదు. ఆ 2.65 ఎక్కడి నుంచి వచ్చిందో, వయసు తేడా ఎలా సరిచేశారో అర్థం కావాలంటే మైక్రోస్కోప్ సరిపోదు, స్టాటిస్టిక్స్ కావాలి. ఐసర్ ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలుంటే అందులో 15 లెక్కలవి, బైపీసీ వాళ్లకీ అవే. ఇంటర్ పరీక్షలు అయ్యాక ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి మ్యాథ్స్ పుస్తకంలో స్టాటిస్టిక్స్, ప్రాబబిలిటీ చాప్టర్లు వాడంతట వాడు కూర్చుని చేస్తాడేమో చూడండి. చేస్తే ఐసర్‌కి అప్లై చేయించండి, పుస్తకం తెరవకుండానే నెల గడిపేస్తే వెటర్నరీ గురించి మాట్లాడుకుందాం, అప్పుడు ఇద్దరూ కలిసి రండి.