టెక్ సందేహాలు: ఎస్సెమ్మెస్ వెళ్లేదాకా రెండో కౌంటర్ ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా బాబాయి హోల్‌సేల్ షాపు కోసం పైథాన్‌లో, ఫాస్ట్‌ఏపీఐ (వెబ్ ప్రోగ్రాములు రాసే ఫ్రేమ్‌వర్క్)తో బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. స్పీడుగా ఉంటుందని అన్ని ఫంక్షన్లకీ అసింక్ పెట్టాను. ఒక కౌంటర్లో బిల్లు కొట్టాక, కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ వెళ్తున్నంతసేపూ రెండో కౌంటర్ కదలదు. నెట్ స్లోగా ఉన్న రోజు ఒకటే టెన్షన్. ఎస్సెమ్మెస్ పంపడానికి, నెట్ ద్వారా వేరే సర్వర్‌తో మాట్లాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడుతున్నాను. సింక్‌కి, అంటే అసింక్ లేని మామూలు పద్ధతికి మారిపోవాలా సార్?

జవాబు: మారిపోండి. రెండు కౌంటర్ల షాపుకి అదే సరైన దారి.

అసింక్ అని రాసినంత మాత్రాన పని త్వరగా అయిపోదు. 2015లో పైథాన్ 3.5తో వచ్చిన ఈ పద్ధతిలో పనులన్నీ ఒకే థ్రెడ్డు (ప్రోగ్రాం నడిచే ఒక దారి) మీద, పనుల్ని వంతులవారీగా నడిపే ఈవెంట్ లూప్‌లో నడుస్తాయి. జవాబు కోసం ఆగాల్సిన పని ‘అవెయిట్’ దగ్గర పక్కకి తప్పుకుంటుంది, ఆ సందులో ఇంకో పని ముందుకెళ్తుంది. కౌంటర్లో గుమస్తా సరుకు తెమ్మని కుర్రాణ్ణి గోదాముకి పంపి, ఈలోగా తర్వాతి కస్టమర్‌ని చూస్తాడు కదా, అలాగన్నమాట. రిక్వెస్ట్స్ లైబ్రరీకి అవెయిట్ తెలీదు. అసింక్ ఫంక్షన్‌లో దాన్ని వాడితే గుమస్తానే గోదాముకి వెళ్లిపోయినట్టు. డేటాబేస్ లైబ్రరీ అసింక్‌ది కాకపోయినా ఇదే జరుగుతుంది.

కాబట్టి ఆ ఫంక్షన్ల ముందు అసింక్ తీసేసి, ఉత్త డెఫ్ (ఫంక్షన్ని మొదలుపెట్టే పదం) ఉంచండి. అప్పుడు ఫాస్ట్‌ఏపీఐ వాటిని తనంతట తానే వేరే థ్రెడ్లలో నడుపుతుంది. మామూలుగా ఒకేసారి 40 దాకా నడుస్తాయి. మీకు చాలా ఎక్కువే. వందలమంది ఒకేసారి కనెక్టయి, ఎక్కువసేపు ఎదురుచూసే చాట్ లాంటి వాటికి అసింక్ నిజంగా పనికొస్తుంది. భారీ లెక్కలకి మాత్రం దానివల్ల లాభం లేదు.

అసలు ఆలోచించాల్సింది ఇంకోటుంది: ఏ పని అయ్యేదాకా కస్టమర్ నిలబడాలి? బిల్లు సేవ్ కావడం, స్టాకు తగ్గడం, పన్ను లెక్క ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ అవ్వాలి, లేదా ఏదీ అవ్వకూడదు), అక్కడికక్కడే అయిపోవాలి. మీ గజపతి జిల్లాలో అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ; సరిహద్దు దాటించి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం షాపులకి సరుకు పంపితే ఐజీఎస్టీ. ఇందులో ఏదీ ‘తర్వాత చూద్దాం’ అనుకునేది కాదు. స్టాకు తగ్గకుండా బిల్లు ప్రింటయిందంటే లేని సరుకు అమ్మేస్తారు.

ఎస్సెమ్మెస్ అలా కాదు, రెండు నిమిషాలు ఆలస్యమైనా నష్టం లేదు. అదే ట్రాన్సాక్షన్‌లో ‘పంపాల్సినవి’ అనే టేబుల్లో ఒక వరస రాసేయండి. విడిగా నడిచే చిన్న ప్రోగ్రాం దాన్ని చూసి పంపుతుంది. ఫాస్ట్‌ఏపీఐలో బ్యాక్‌గ్రౌండ్ టాస్క్స్ (జవాబిచ్చేశాక వెనకాల నడిచే పనులు) ఉన్నాయి గానీ, ఈ పనికి నేను వాటిని ఒప్పుకోను. మధ్యలో కరెంటు పోయి సర్వర్ ఆగితే పంపని మెసేజీలు పోయినట్టే. టేబుల్లో ఉంటే కరెంటు వచ్చాక మళ్లీ పంపొచ్చు. ఒకే మెసేజీ రెండుసార్లు వెళ్లే అవకాశం తగ్గాలంటే, వెళ్లిన వెంటనే ఆ వరసలో గుర్తు పెట్టండి.

ఇంకొకటి. మనం చెప్పకపోతే రిక్వెస్ట్స్‌కి టైమౌట్ (జవాబు కోసం ఆగే గడువు) ఉండదు, అవతలి సర్వర్ పలక్కపోతే అలాగే కూర్చుంటుంది. ఈ రోజే అక్కడ టైమౌట్ పది సెకన్లు పెట్టేయండి.