తమరూ ఒటాకూయేనా?

ప్రశ్న: నా వయసు 43. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్ల క్రితం కాలు బెణికి మంచం మీద ఉన్నప్పుడు మా అమ్మాయి ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’ అనే యానిమే, అంటే జపాన్ బొమ్మల సిరీస్, పెట్టింది. ఒక్క ఎపిసోడ్ చూద్దాంలే అనుకున్నాను. మొత్తం 64 చూశాను. ఆ తర్వాత ఇంకో పదిహేను సిరీస్‌లు. ఎవరు తీశారు, ఎక్కడ ఏం మారింది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మొన్న భోజనాల దగ్గర ఓ కుర్రాడు ఆ సిరీస్ పేరెత్తాడు. ఇక నేను ఆగలేదు. పది నిమిషాలు చెప్పి తలెత్తి చూస్తే చుట్టూ నవ్వులు. అప్పట్నుంచి నా పేరు ‘కార్టూన్ మేడమ్’. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నాకే అనిపిస్తోంది. మానేయాలా, దాచుకోవాలా? ఇంకో చిన్న సందేహం. నేను డబ్బింగ్‌లో చూస్తాను. అలా చూడకూడదంటుంది మా అమ్మాయి. నిజమేనా?
– పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: మానేయకండి. దాచుకోవడం మీ వల్ల కాదు, ఆ పది నిమిషాలే సాక్ష్యం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది యానిమే అనుకుంటున్నారు గానీ, నా లెక్కలో అది నోట్‌బుక్. చూసి వదిలేసేవాళ్లను ఎవరూ ఏమీ అనరు. లెక్కపెట్టేవాళ్లనే అంటారు. చిన్నప్పుడు నన్ను పుస్తకాల పురుగు అనేవాళ్లు. మీలో ఉన్నదీ ఆ పురుగే, కాస్త ఆలస్యంగా ఇంకో చెట్టెక్కింది.

నేనోసారి పరిగెత్తే సీను ఒకటి ఆపి, ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూశాను. సెకనుకు 24 ఫ్రేములు కదా. ఒకే బొమ్మ మూడేసి ఫ్రేములు కదలకుండా ఉంది. అంటే సెకనుకు 8 బొమ్మలే! వెనక ఆకాశం జారిపోతుంటే మనిషి పరిగెడుతున్నాడని కన్ను నమ్మేస్తోంది. 1963లో జపాన్ బొమ్మల కథల రచయిత ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని వారంవారం టీవీకి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు డబ్బూ టైమూ చాలక ఇలాంటి పొదుపే చేశారు. మొహం అలాగే ఉంచి నోరొక్కటే కదపడం, ఒకసారి గీసినదాన్ని దాచి మళ్లీ వాడుకోవడం. ఆ పొదుపే పోనుపోను ఒక శైలి అయింది. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికైనా చెబుదామంటే ఇంట్లో అందరూ పడుకున్నారు. కాబట్టి మీ పది నిమిషాల సంగతి నాకు తెలుసు.

మీకు ఆ సిరీసే ఎందుకు పట్టిందో కూడా ఊహించగలను. ఏదైనా పొందాలంటే దానికి సమానమైనది ఇచ్చుకోవాలన్నది ఆ కథలో రసవాదుల నియమం. చనిపోయిన తల్లిని వెనక్కి తెచ్చుకోబోయి అన్న కాలు, తమ్ముడు ఒళ్లంతా పోగొట్టుకుంటారు. డెబిట్‌కి క్రెడిట్ సరిపోయిందా అని పొద్దస్తమానం చూసే మనిషికి అది నచ్చకపోతే ఆశ్చర్యపోవాలి.

ఇక ఆ పేరు. యానిమే పిచ్చివాళ్లను జపాన్‌లో ‘ఒటాకు’ అంటారని మీ నోట్‌బుక్‌లో ఉండే ఉంటుంది. ఆ మాటకు అసలర్థం ‘మీ ఇల్లు’. మర్యాదగా ‘మీరు’ అనడానికీ వాడతారు, మన ‘తమరు’ లాగా. అభిమానులు ఒకరినొకరు అలా పిలుచుకోవడం చూసి, 1983లో అకియో నకామోరి అనే రచయిత ఒక పత్రికలో ఆ మాటనే వాళ్లకు వెక్కిరింపుగా తగిలించాడు. తర్వాత్తర్వాత చాలామంది దాన్నే ఇష్టంగా పెట్టుకున్నారు. మీరూ ‘కార్టూన్ మేడమ్’ అంటే హాయిగా పలకండి. నాలుగుసార్లు పలికితే పిలిచేవాళ్లకే విసుగొస్తుంది.

అయితే భోజనాల దగ్గర పది నిమిషాలు ఎక్కువేనండీ. ఇదే కథతో 2003లో వచ్చిన 51 ఎపిసోడ్ల సిరీస్‌కీ, 2009లో మొదలైన మీ 64కీ తేడా చెప్పి ఉంటారు, అవునా? మాంగా, అంటే మూలమైన జపాన్ బొమ్మల కథ, పూర్తికాకముందే మొదటిది తీశారు గనక దాని కథ వేరే దారి పట్టింది అంటే సరిపోయేది. మిగతాది అడిగినవాళ్లకు. అన్నట్టు, ఆ కుర్రాడు కూడా నవ్వాడా? మీరు రాయలేదు. నవ్వి ఉండడని నా అనుమానం. అతన్ని ఈసారి విడిగా పలకరించండి.

డబ్బింగ్ మాటకొస్తే, జపాన్‌లోనూ మామూలుగా బొమ్మలు కదిలాకే గొంతులు కలుపుతారు. టీవీ సిరీస్‌లలో నోటికి ఉండేవి చాలావరకు మూడే ఆకారాలు: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. ఏ భాషైనా అందులో ఇట్టే ఇమిడిపోతుంది. అసలు గొంతుల్లోని పలుకు వినాలనుకున్న రోజు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మిగతా రోజుల్లో మీ ఇష్టం. మీ అమ్మాయితో మాత్రం, ‘అక్కడిదీ ఒక రకంగా డబ్బింగే’ అని ఒకసారి అని చూడండి. ఆ రాత్రికి మీ ఇద్దరికీ కాలక్షేపం.