టెక్ సందేహాలు: ట్రాక్టర్ లాగకపోతే తొలి అనుమానం పంపు మీద వద్దు

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాలకు ఈ వారం సెలవు. దుక్కులు, దమ్ములు మొదలయ్యాయి కదా, వచ్చిన మెయిళ్లలో ట్రాక్టర్లవే ఎక్కువ. ‘బండి లాగడం లేదు, ఏం చేయాలి?’ అని దాదాపు అందరూ అడిగారు. అడిగిన మాట ఒకటే అయినా కారణాలు మాత్రం ఒక్కో బండికి ఒక్కోటి.

‘నాది 45 హెచ్‌పీ బండి, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం) లేని పాత మోడల్. రోటవేటర్ వేస్తే మొదటి అరగంట బాగానే లాగుతుంది. తర్వాత ఇంజన్ రేసు పడిపోతుంది. పొగ కూడా పెద్దగా రాదు. పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. పంపు, నాజిళ్లు విప్పాలని మెకానిక్ అంటున్నారు. విప్పించమంటారా?’ – నిజామాబాద్ జిల్లా నుంచి ఒక రైతు

ఇప్పుడే వద్దండి. మీ మెకానిక్ చెప్పే పంపు అంటే డీజిల్‌ను ప్రెషర్‌తో నాజిళ్ల ద్వారా సిలిండర్లలోకి కొట్టే ఇంజెక్షన్ పంపు. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. లోడు మీద పవర్ తగ్గుతున్నా పొగ రావడం లేదంటే, సిలిండర్‌లోకి చేరాల్సినంత డీజిల్ చేరడం లేదని అనుమానించాలి. గాలి చాలకపోతే నల్ల పొగ వచ్చేది. కాసేపు ఆపితే సర్దుకుంటోంది కాబట్టి, దారిలో ఎక్కడో డీజిల్‌కు అడ్డు పడుతోంది, బండి ఆగినప్పుడు ఆ అడ్డు తొలగుతోంది. పంపు అరిగిపోతే పది నిమిషాల విశ్రాంతితో బాగుపడదు. కాకపోతే ఒకటి గమనించండి. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి కూడా మొరాయిస్తోందా? వేడికి డీజిల్ పల్చబడి, అరిగిన పంపు లోపల జారిపోతుంది. అలా ఉంటే మీ మెకానిక్ మాటను కొట్టిపారేయలేం.

మొదట ఖర్చు లేని పరీక్ష. పవర్ పడిపోయిన ఆ క్షణంలోనే డీజిల్ ట్యాంకు మూత తిప్పి చూడండి. ‘స్స్’ మని గాలి లోపలికి పోయి, కాసేపటికి ఇంజన్ పుంజుకుంటే దొంగ దొరికినట్టే. మూతలో గాలి ఆడే సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది పూడుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి, ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే చిన్న ఫీడ్ పంపు లాగలేకపోతుంది. మూత కడిగితే సరిపోతుంది. మూతను తీసేసి పాత గుడ్డ కుక్కి నడిపేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి. గుడ్డ నూలుపోగులే రేపు ఫిల్టర్‌లో తేలతాయి.

మూత తిప్పినా మార్పు లేకపోతే ట్యాంకు అడుగు చూడాలి. డీజిల్‌ను డ్రమ్ముల్లో తెచ్చి పోసుకునే చోట గడ్డి పరకలు, ప్లాస్టిక్ ముక్కలు ట్యాంకులోకి చేరడం మామూలే. డీజిల్ లాగుతున్నప్పుడు అవి గొట్టం మూతికి అతుక్కుంటాయి, ఇంజన్ ఆగగానే వదిలేస్తాయి. మీ బండి లక్షణానికి ఇది అచ్చంగా సరిపోతోంది. ఫీడ్ పంపు దగ్గర పైపు విప్పి, కింద శుభ్రమైన డబ్బా పెట్టి ధార ఎలా వస్తోందో చూడండి. సన్నగా వచ్చినా, ఆగి ఆగి వచ్చినా ట్యాంకు దించి కడగాల్సిందే. ఫీడ్ పంపులో చిన్న జాలీ కూడా ఉంటుంది. చాలామంది రెండు ఫిల్టర్లు మార్చి, దాన్ని మరిచిపోతారు.

ఫిల్టర్లు మార్చేటప్పుడు ఒక అలవాటు మానుకోవాలి. డీజిల్ దారిలో చేరిన గాలిని (ఎయిర్) తీసే శ్రమ తగ్గుతుందని కొత్త ఫిల్టర్‌ను డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగిస్తారు. పోసేది శుభ్రమైన వైపు పోస్తే, వడకట్టని డీజిల్ నేరుగా పంపులోకే వెళ్తుంది. పంపు లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది, కంటికి కనపడని ఇసుక చాలు గీతలు పడటానికి. ఖాళీ ఫిల్టర్ బిగించి, పైన ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేతి పంపు) కొట్టండి. చెయ్యి నొప్పి పుడితే పుట్టనివ్వండి.

ఆ తర్వాత గాలి లీకు. ‘ఎక్కడా డీజిల్ కారడం లేదు, కాబట్టి లీకు లేదు’ అని ఖాయంగా చెబుతుంటారు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో నడిచేది లాగుడు. అక్కడ కన్నం పడితే ఇంజన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. స్ట్రాకు పగులుంటే కొబ్బరిబోండంలో నీళ్లున్నా నోట్లోకి గాలి వచ్చినట్టే. ఫీడ్ పంపు ముందున్న పైపు స్థానంలో తాత్కాలికంగా డీజిల్‌ను తట్టుకునే పారదర్శక గొట్టం పెట్టి నడపండి. బుడగలు వరుసగా కనిపిస్తే వాషర్లు, క్లిప్పులు మార్చండి. చాలాసార్లు వంద రూపాయలు దాటని పని ఇది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పవర్ లేకపోతే అప్పుడు పంపు గురించి ఆలోచించవచ్చు. దానికి ముందు ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) చూపించండి. ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీతర్ పైపు నుంచి పొగ బుసబుసా వస్తోందా, ఆయిల్ తగ్గుతోందా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కష్టంగా ఉందా అన్నవి కూడా గమనించండి. ఇవి కంప్రెషన్ తగ్గిందనడానికి గుర్తులు. రింగులు అరిగిన ఇంజన్‌కు కొత్త నాజిళ్లు వేయిస్తే డబ్బు పోవడమే మిగులుతుంది.

‘ఇంజన్ మోత బాగానే ఉంది, రేసు తగ్గడం లేదు. కానీ ట్రాలీతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి కదలదు. ఇది కూడా డీజిల్ సమస్యేనా?’ – చిత్తూరు జిల్లా నుంచి

కాదు. ఇంజన్ రేసు నిలబడి బండి మాత్రం వెనకబడుతోందంటే పవర్ పుడుతోంది, చక్రాలకు చేరడం లేదు. క్లచ్ జారుతోంది. పెడల్‌కు ఉండాల్సిన ఆట ఉందో లేదో ముందు చూడండి. ఆట లేకుండా బిగించి ఉన్నా, డ్రైవర్ కాలు పెడల్ మీదే ఆనించి నడిపినా ప్లేటు కాలిపోతుంది. మాడిన వాసన వస్తుంటే లోడుతో ఇక నడపకండి. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో కూడా చూడండి. ఖాళీ బండిని చదును నేల మీద న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు తోస్తే తెలిసిపోతుంది.

‘వరి కోతలప్పటి నుంచి నల్ల పొగ. పవర్ కూడా తగ్గింది. ఎయిర్ ఫిల్టర్ తీసి నడిపితే బాగుంటోంది. అలాగే నడపొచ్చా?’ – పశ్చిమ గోదావరి జిల్లా నుంచి

ఫిల్టర్ తీస్తే బాగైందంటే రోగం తెలిసిపోయింది, ఎయిర్ క్లీనర్ మూసుకుపోయింది. కానీ పరీక్ష కోసం కూడా దుమ్ములో అలా నడపకండి. పొలం దుమ్ములోని ఇసుక రేణువులు పిస్టన్ రింగులను, లైనర్లను గీకేస్తాయి. ఆ నష్టం తీర్చడానికి ఇంజన్ బోరింగ్ దాకా పోవాలి.

మీది ఆయిల్ బాత్ రకమైతే (గిన్నెలోని ఆయిల్ దుమ్మును పట్టే రకం) కోతలు, నూర్పిళ్ల రోజుల్లో గిన్నె రోజూ విప్పి చూడాల్సిందే. ఆయిల్ చిక్కబడి అడుగున బురద పేరుకుంటే కడిగి కొత్త ఆయిల్ పోయండి, సరిగ్గా గీత వరకే. ఎక్కువ పోస్తే ఇంజన్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది, తక్కువ పోస్తే దుమ్ము ఆగదు. పైన ఉండే జాలీ కూడా డీజిల్‌తో కడిగి ఆరబెట్టాలి. చాలామంది గిన్నె వరకే ఆగిపోతారు. కాగితం ఫిల్టరైతే నేలకేసి కొట్టకండి, మడతలు చిరుగుతాయి. తక్కువ ప్రెషర్‌తో లోపలి నుంచి బయటికి గాలి కొట్టండి. లోపలుండే చిన్న సేఫ్టీ ఫిల్టర్‌ను శుభ్రం చేయకూడదు, మార్చాలి.

టర్బో ఉన్న బండికి ఫిల్టర్ బాగున్నా నల్ల పొగ వస్తే, టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం, దాని క్లిప్పులు చూడండి. పగులు దగ్గర నూనె తడితో దుమ్ము అంటుకుని ఉంటుంది. లోడు మీద కొత్తగా ఈల వినిపిస్తుంది. ఇంకో మాట: బండి స్థాయికి మించిన రోటవేటర్ వేసి, పెద్ద గేర్‌లో లోతుగా దున్నుతూ నల్ల పొగ అంటే తప్పు ఇంజన్‌ది కాదు.

నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా నీళ్లు లోపలికి చేరుతున్నాయి. రెండింటికీ మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.

‘2023లో కొన్న 55 హెచ్‌పీ సీఆర్‌డీఐ ట్రాక్టర్. ఇంజన్ లైటు వెలిగి, పవర్ సగానికి పడిపోయింది. కార్లకు వాడే బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్‌లో కొని నేనే చూసుకోవచ్చా?’ – ఖమ్మం జిల్లా నుంచి

కొనకండి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటితోపాటే డీజిల్‌ను చాలా ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే సీఆర్‌డీఐ ఇంజన్లు, వాటిని నడిపే ఈసీయూ కంప్యూటర్లు వచ్చాయి. ఏదైనా సెన్సర్ విలువ తేడాగా కనిపిస్తే ఈసీయూ ఇంజన్‌ను కాపాడటానికి తనంతట తానే పవర్ తగ్గిస్తుంది. కార్ల స్కానర్ మాట్లాడే భాష వేరు, ట్రాక్టర్ల ఈసీయూలు సాధారణంగా మాట్లాడే జే1939 వేరు. సాకెట్ కూడా చాలా వాటిలో సరిపోదు. అడాప్టర్ తెచ్చి తగిలించినా, లోపం ఏమిటో చెప్పే ఈసీయూ కోడ్‌ను స్కానర్ యాప్ చదవకపోవచ్చు.

మీరు చేయగలిగినవి వేరే ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద కోడ్ కనిపిస్తే ఫొటో తీసుకోండి. ఆ సమయంలో ఏ గేర్, ఎంత లోడు, ఎంతసేపు నడిచింది రాసుకోండి, సర్వీస్ వాళ్లకు అది చాలా పనికొస్తుంది. డీజిల్‌లో నీళ్ల గుర్తు వెలిగితే ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి నీళ్లు తీసేయండి. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు బిగించండి. వోల్టేజీ ఊగిసలాడినా ఈసీయూ తప్పుడు కోడ్‌లు ఇస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత ఇంజన్లలో ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి మెకానిక్‌లు నడుస్తున్న ఇంజన్ మీదే నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తారు. సీఆర్‌డీఐ మీద ఆ పని చేయకూడదు, చేయనివ్వకూడదు. నాజిళ్లకు డీజిల్ అందించే రైల్ పైపులో ప్రెషర్ వెయ్యి బార్‌లు దాటుతుంది. ఆ ధార చర్మంలోకి సూదిలా దూరుతుంది. చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. లీకు ఉందేమోనని వేలు పెట్టి చూడటం కూడా అంతే ప్రమాదం.

‘వీడియోలో పంపు స్క్రూ తిప్పితే పవర్ పెరిగింది. నేనూ తిప్పొచ్చా?’ – కర్నూలు జిల్లా నుంచి

వద్దు. ఆ స్క్రూ డీజిల్ పెంచుతుంది, గాలిని పెంచదు. మండని డీజిల్ నల్ల పొగగా పోతుంది, పిస్టన్లు వేడెక్కుతాయి, పంపు సీలు పోతే వారంటీ కూడా పోతుంది. వీడియో తీసినవాళ్లు రెండో సీజన్‌లో ఏమైందో చూపించరు.

‘ఇంజన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) సరిగా ఉందో లేదో ఫోన్ యాప్‌తో చూడొచ్చా?’ – అనంతపురం జిల్లా నుంచి

శబ్దం విని లెక్కించే యాప్‌లు ఉన్నాయి, కానీ సిలిండర్ల సంఖ్య సరిగా ఇవ్వాలి. మూడు సిలిండర్ల ఇంజన్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర డీజిల్ సెకనుకు 37.5 సార్లు పేలుతుంది, నాలుగు సిలిండర్లదానిలో 50 సార్లు. ఆ ఎంపిక లేని యాప్ చూపించే అంకెను నమ్మకండి. మీ డ్యాష్‌బోర్డు మీటర్ మీద అనుమానం ఉంటే తిరిగే వేగాన్ని దూరం నుంచే కొలిచే లేజర్ టాకోమీటర్ మేలు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే పీటీవో షాఫ్ట్‌కు (రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక ఇరుసు) మెరిసే టేపు అంటించండి, తర్వాత దూరంగా నిలబడి చూడండి. మాన్యువల్‌లో ఇంజన్ 1800 దగ్గర పీటీవో 540 అని ఉంటే, టాకోమీటర్ అంకెను 3.33తో గుణించండి, ఇంజన్ ఆర్‌పీఎం వస్తుంది.

లోడు లేకుండా పూర్తి రేసు ఇచ్చి, మాన్యువల్‌లోని గరిష్ఠ ఆర్‌పీఎంతో పోల్చండి. అంకె తక్కువ వస్తే, ఏ స్పానరూ ముట్టుకోకముందే పంపు దగ్గరి లివర్ చివరిదాకా వెళ్తోందో లేదో చూడండి. సాగిన కేబుల్, వంగిన రాడ్డు చేసే పని అది. మీ జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. అక్కడ రైతులకు శిక్షణ కూడా ఇస్తారు, బ్యాచ్ ఎప్పుడో కనుక్కోండి.