ఆదివారం సరే, శుక్రవారం సాయంత్రం ఏం చేయాలి? అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు

"ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాం. శనివారం రాత్రి యూట్యూబ్‌లో మా ఊరి సంఘం ఆరాధన కూడా చూస్తున్నాం. అయినా ఇక్కడ మాకంటూ ఎవరూ లేనట్టే ఉంది." మొదటి ఏడాదిలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎక్కువగా చెప్పే మాట ఇదే.

చూసే ఆరాధనలు ఎన్ని పెంచుకున్నా ఈ లోటు తీరదు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చివర తొలి సంఘం చేసిన పనులు కనిపిస్తాయి: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన, ఇంటింటా భోజనం, అక్కర ఉన్నవారికి పంచిపెట్టడం. వీటిలో ఫోన్ తెర మీద దొరికేది దాదాపు బోధ ఒక్కటే. మిగతా వాటికి ఒక ఇల్లు, ఒక వంటగది, పక్కన కూర్చునే మనుషులు కావాలి. అందుకే మా సలహా ఒక్కటే: మూడు నెలల్లోపు నాలుగైదు కుటుంబాలతో వారం వారం ఇంటి కూడికలో చేరండి. దగ్గర్లో లేకపోతే మీరే మొదలుపెట్టండి.

దానికి ముందు చిన్న పని ఒకటుంది. ఊళ్లో మీ అయ్యగారి (పాస్టరు) దగ్గర సభ్యత్వ బదిలీ ఉత్తరం, బాప్తిస్మ పత్రం, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ వాళ్లయితే నిర్ధారణ (కన్ఫర్మేషన్) పత్రం కూడా తెప్పించుకోండి. రేపు పిల్లల బాప్తిస్మానికో, తమ్ముడి పెళ్లికో ఇక్కడి సంఘం అవి అడగవచ్చు. అప్పుడు వెతుక్కుంటే నెలలు పడుతుంది.

కూడికకు ఎక్కువమంది ఎంచుకునేది శుక్రవారం సాయంత్రం. రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో కలిపి పదిహేను మంది దాటితే సగం మంది వంటగదిలోనే నిలబడిపోతారు. ఏడింటికి మొదలై ఎనిమిదిన్నరకు ప్రార్థన ముగియాలి, తొమ్మిదింబావుకల్లా ఇల్లు ఖాళీ కావాలి. చాలా అపార్ట్‌మెంట్లలో రాత్రి పదింటి నుంచి నిశ్శబ్ద వేళలు. మీ లీజు కాగితంలో ఏ సమయం రాసి ఉందో ముందే చూసుకోండి. పాటకు కంజిర, చప్పట్లు చాలు, స్పీకరు వద్దు. పై అంతస్తువాళ్లు ఒక్కసారి ఆఫీసుకు ఫిర్యాదు చేస్తే ఇల్లు ఇచ్చిన కుటుంబానికే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వాళ్లు మళ్లీ పిలవడానికి జంకుతారు. కార్ల సంగతీ అంతే. సందర్శకుల స్థలాలు ఎన్ని ఉన్నాయో వచ్చేవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే ప్రార్థన అయ్యేసరికి కారును టో చేసి తీసుకుపోయి ఉంటారు.

గంటన్నర ఇలా సాగితే బాగుంటుంది. రెండు పాటలు, అందులో ఒకటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల నుంచి, సంఖ్య ముందురోజే పంపి. ఒక అధ్యాయం, తలా రెండు వచనాలు. పిల్లలు తమ వంతు ఇంగ్లీషులో చదవవచ్చు, వాళ్లను పక్కగదిలోకి పంపకండి. తర్వాత ఇరవై నిమిషాలు ఆ అధ్యాయం మీద మాట, మిగతా సమయమంతా ప్రార్థన. చాలా కూడికలు పాడయ్యేది ఆ ఇరవై నిమిషాల దగ్గరే. మాట బాగా వచ్చిన ఒక బ్రదర్ నెమ్మదిగా నలభై నిమిషాల ప్రసంగానికి వెళ్తారు, మిగతావాళ్లు వినేవాళ్లుగా మారిపోతారు, ఆదివారానికీ దీనికీ తేడా పోతుంది. నడిపే వంతు ప్రతివారం మారాలి. మాట్లాడటం రానివాళ్లకూ వంతు రావాలి. రాసుకొచ్చి నాలుగు ప్రశ్నలు అడిగినా చాలు.

ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) మాత్రం ఇంటి కూడికలో పెట్టకండి. సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో అభిషిక్తులైన అయ్యగారే ఇవ్వాలి. బ్రదరన్, హెబ్రోను (భక్త సింగ్ సహవాసాలు) నేపథ్యం వాళ్లకు అది ఆదివారపు రొట్టె విరిచే ఆరాధన. బాప్తిస్టులు, పెంతెకొస్తులు, లూథరన్లు ఒకే సోఫాలో కూర్చునే చోట బల్ల, శిశు బాప్తిస్మం, ఆరాధనలో ఆడవాళ్ల ముసుగు అనే మూడు విషయాల మీద వాదన మొదలైతే ఆ గుంపు ఎక్కువ కాలం నిలవదు. అవి ఎవరి సంఘంలో వాళ్లు తేల్చుకోవాలి. ఇంట్లో కలిసేది ప్రేమ విందు దగ్గర, అంటే అందరూ కలిసి తినే భోజనం దగ్గర.

ఇక ఆ విందు. మొదటివారం పప్పు, చికెన్. రెండోవారం వేరే ఇంట్లో బిర్యానీ, ఫ్రై. మూడోవారం ఇంకొకరింట్లో ఏడు రకాలు. నాలుగోవారం వంతు వచ్చిన ఇల్లాలికి ఆఫీసులో పని ఎక్కువై "ఈ వారం వద్దులెండి" అంటారు. కూడిక అలాగే ఆగిపోతుంది. కాబట్టి మొదటిరోజే గీత గీయండి: అన్నం, ఒక పప్పు, ఒక కూర, పెరుగు, అంతే. ఇల్లు ఇచ్చినవాళ్లు అన్నం, పెరుగు మాత్రం చూసుకుంటారు, పప్పు ఒకరు, కూర ఒకరు తెస్తారు. గిన్నెలు కడగడం మగవాళ్ల పని. పదిహేను మంది పెద్దలకు సోనామసూరి కిలోన్నర నుంచి కిలో ముప్పావు, కందిపప్పు ముప్పావు కిలో, ఎముకతో చికెన్ మూడు కిలోలు, పెరుగు రెండు కిలోలు సరిపోతాయి. ఇళ్లలో వాడే పది కప్పుల కుక్కర్ ఒక్కసారికి కిలోన్నర బియ్యమే పడుతుంది, కాబట్టి రెండో కుక్కర్ అడిగి పెట్టుకోండి.

వండినవి రెండు గంటలకు మించి బయట ఉంచకండి. ముఖ్యంగా అన్నం. పెద్ద గిన్నెలో నిండుగా మిగిలిన అన్నం లోపల గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, దాంట్లో పెరిగే సూక్ష్మజీవి విషం మళ్లీ వేడి చేసినా పోదు. లోతు తక్కువ ట్రేల్లో పలుచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి.

మీ రూమ్మేట్ హిందువో ముస్లిమో అయితే భోజనానికి పిలవండి, కానీ భోజనాన్ని ఎర చేయకండి. ప్రార్థన ఉంటుందని ముందే చెప్పండి, ఇష్టమైతే కూర్చుంటారు, లేకపోతే అన్నం వేళకు వస్తారు. శాకాహారానికి గరిటె వేరుగా పెట్టండి.

అదే అన్నం బల్ల దగ్గర మన సంఘాల పాత జబ్బు ఒకటి బయటపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లను "మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? అక్కడ ఏ పేట?" అని వరసగా అడిగితే అవతలివాళ్లకు ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో మొదటి మాటకే తెలుస్తుంది. కులం కనుక్కోవడానికి వేసే ప్రశ్న ఎంత మర్యాదగా వేసినా అవమానమే. ఇల్లు ఇచ్చినవాళ్లు దాన్ని అక్కడికక్కడే మళ్లించాలి, తర్వాత అడిగినవాళ్లతో విడిగా మాట్లాడాలి. పెళ్లి సంబంధాల వెతుకులాట కూడా కూడిక గదిలోకి రానివ్వకండి.

ప్రార్థన అవసరతలు గదిలో చెప్పినవి గదిలోనే ఉండాలి. వీసా తిరస్కరణ, గర్భం నిలవకపోవడం, భార్యాభర్తల గొడవ లాంటివి "ప్రార్థించండి" అనే మాటతో వాట్సాప్‌లో పడితే సాయంత్రానికి గుంటూరులో అత్తగారికి తెలుస్తుంది. అలా ఒక్కసారి జరిగితే ఇక అందరూ "ప్రయాణ క్షేమం" మాత్రమే అడుగుతారు. గ్రూపులో సమయం, అడ్రసు, పాట సంఖ్య తప్ప ఏదీ రాయకూడదని పెట్టుకోండి.

ఊళ్లలో ఆడవాళ్లు అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి తెచ్చే అలవాటు మీలో చాలామందికి తెలుసు. ఇక్కడ దాని బదులు, కష్టంలో ఉన్నవాళ్ల సాయానికి డబ్బా పెట్టండి. కుటుంబానికి వారానికి పది డాలర్లు వేస్తే ఐదు కుటుంబాలకు ఏడాదికి 2,600. ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ నోటుపుస్తకంలో సంతకం చేయాలి. ఒకరి సొంత ఖాతాలో కలపవద్దు. ఇది మనిషికి నేరుగా చేసే సాయం కాబట్టి పన్ను మినహాయింపుకు చూపకూడదు. ఇచ్చేది తిరిగి అడగని సొమ్ముగానే ఇవ్వండి. అప్పుగా ఇచ్చిన 500 డాలర్లు తిరిగి రాకపోతే ఆ కుటుంబం సిగ్గుతో రావడం మానేస్తుంది, డబ్బుతోపాటు మనిషీ పోతారు.

ఆ డబ్బా ఎక్కువగా తెరవాల్సింది ఉద్యోగం పోయినప్పుడు. హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులే గడువు, ఐ94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే రికార్డు) గడువు ముందే ముగిస్తే అంతవరకే. మొదటి రెండు వారాలు చాలామంది ఎవరికీ చెప్పరు, ఆ రోజులే విలువైనవి. తెలిసిన రోజే ఒకరు వెళ్లి కూర్చోండి, సరుకులు అడగకుండా తెచ్చి పెట్టండి, మీ కంపెనీలో ఖాళీలుంటే రెఫరల్ ఇవ్వండి, వకీలు ఫీజుకు డబ్బాలోంచి తీయండి. వీసా సలహా మాత్రం మీరు ఇవ్వకండి. మరో మాట, సంఘంలో కీబోర్డు వాయించినా, బోధించినా హెచ్‌1బీ లాంటి వర్క్ వీసా, విద్యార్థి వీసా ఉన్నవాళ్లు జీతం తీసుకోకూడదు. జీతం లేని సేవగానే ఉండాలి.

కాన్పు అయిన ఇంటికి మూడు వారాలు రోజు విడిచి రోజు భోజనం పంపితే చాలు. రోజూ పంపితే ఫ్రిజ్ నిండి పారబోస్తారు. సొరకాయ, బీరకాయ, పప్పుచారు, కారం తక్కువ, అయినా వాళ్ల పథ్యం అడిగాకే వండండి. తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాల్లో పెట్టండి. గుమ్మం దగ్గర పది నిమిషాలు చాలు, దగ్గు ఉంటే అసలు వెళ్లకండి. ఆసుపత్రిలో అయితే ఇద్దరే వెళ్లండి, ఐదు నిమిషాల ప్రార్థన, నూనె రాయాలంటే నర్సును అడిగి. "దేవుడు ఏదో నేర్పిస్తున్నాడు" అనే మాట మంచం పక్కన అనకండి.

అన్నిటికన్నా కష్టమైనది ఊళ్లో అమ్మో నాన్నో పోయినప్పుడు, తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ లేక ఇక్కడి బిడ్డ వెళ్లలేనప్పుడు. భూస్థాపన సాధారణంగా మరుసటి రోజే. అక్కడ ఉదయం పదకొండంటే వేసవిలో న్యూజెర్సీలో రాత్రి ఒకటిన్నర, డాలస్‌లో పన్నెండున్నర. చలికాలంలో ఇంకో గంట ముందు. ఆ సమయానికి ఇద్దరు ముగ్గురు ఆ ఇంట్లో ఉండాలి. ఒకరు వీడియో కాల్‌ను టీవీకి కలిపి, ఆగిపోతే మళ్లీ కలుపుతూ ఉండాలి. ఒకరు పిల్లల్ని చూసుకోవాలి. ఎవరూ ప్రసంగించక్కర్లేదు. అక్కడ పాడే పాట ఇక్కడ కూడా పాడండి. ఆదరణ కూటం ఆ వారాంతంలో పెట్టుకోవచ్చు.

ఊరి సంఘానికి కానుక పంపేటప్పుడు ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా, మీరు పంపేది విదేశీ విరాళమే. ఇక్కడి సంఘం ఖాతా నుంచి పంపేదీ అంతే. దాన్ని ఎఫ్‌సీఆర్ఏ (భారత విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే తీసుకోవాలి. "అయ్యగారి సొంత ఖాతాకు వేసేద్దాం" అనే దారి ఆయన్ని కేసులో ఇరికిస్తుంది.

కుటుంబాలు ఎనిమిదికి చేరితే కూడికను రెండు చేయండి. బాధగా ఉంటుంది, అయినా చేయండి. కొత్త ఇంటికి నడపడం తెలిసిన రెండు కుటుంబాలు వెళ్లాలి, కొత్తవాళ్లను మాత్రమే పంపితే నెలలో మూతపడుతుంది. డబ్బాలో సొమ్ము సగం వాళ్లకు ఇచ్చేయండి. నెలకొక శుక్రవారం రెండూ కలిసి పార్కులోనో, సంఘం హాలులోనో కూడుకోండి.