చేతులు మారుతున్న బడి

ప్రశ్న: ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక కతోలిక మఠ సభ (సన్యాసినుల సంఘం) నడిపే పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు సిస్టర్లు ఇద్దరే మిగిలారు. వచ్చే ఏడాది నుంచి పాలనను మావంటి గృహస్థ ఉపాధ్యాయులకు (మఠంలో చేరని సాధారణ ఉపాధ్యాయులకు) అప్పగిస్తామంటున్నారు. మాలో సగం మంది కతోలికులు కారు. పిల్లల్లో చాలామంది ఇంట తెలుగు, బడిలో ఒడియా మాట్లాడేవారే. సిస్టర్లు లేని బడి కతోలిక విద్యాలయంగా ఎలా నిలుస్తుంది?
— ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ప్రాంతంలో ఈ సేవ ఇదివరకే ఒకసారి చేతులు మారింది. 1846లో సవాయ్ ప్రాంతపు (నేటి ఫ్రాన్సు) అనెసీ నుంచి విశాఖపట్నం చేరిన పునీత ఫ్రాన్సిస్ ది సాల్స్ సభ గురువులు (ఫాదర్లు) ఒడిశాలోనూ పనిచేశారు. 1922లో ఆ బాధ్యతను స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ సభ గురువులు అందుకున్నారు. సభ మారినా సేవ ఆగలేదు. అయితే ఒక మఠం నుంచి మరొక మఠానికి మారడం వేరు, గృహస్థులకు అందడం వేరు అని మీరు అనవచ్చు. అందుకు ఇంకా వెనక్కి, ఫ్రాన్సులోని రీమ్స్ నగరానికి వెళ్లాలి.

అక్కడ 1679లో పేద బాలుర కోసం ఉచిత పాఠశాల తెరవడానికి పూనుకున్న ఆద్రియన్ నియెల్ గృహస్థుడే. ఆయనకు తోడ్పడిన సంపన్న గురువు జాన్ బాప్టిస్ట్ ది లసాల్, ఆ బడిలో చెప్పే మోటు ఉపాధ్యాయులను 1681లో బంధువులు ముఖం చిట్లించినా తన ఇంట్లోనే ఉంచుకుని తీర్చిదిద్దాడు, తరువాత ప్రధాన దేవాలయంలోని పదవిని వదులుకున్నాడు, ఆస్తిని కరవు రోజుల్లో పేదలకు పంచిపెట్టాడు. ఆయన స్థాపించిన సహోదరుల సభలో గురుపట్టం పొందేవారు, అంటే ఫాదర్లు అయ్యేవారు, ఉండకూడదన్నది నియమం. అంటే ఆ సంప్రదాయానికి బీజం పడింది, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల్లోనే. 1965 నాటి రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) విద్యా ప్రకటన కూడా కతోలిక పాఠశాల ఆశయం నెరవేరడం ప్రధానంగా ఉపాధ్యాయుల మీదే ఆధారపడుతుందని చెప్పింది.

లసాల్ చేసిన మరో పని మీ తరగతి గదికి నేరుగా వర్తిస్తుంది. చదువు లాటిన్‌తో మొదలయ్యే కాలంలో ఆయన పిల్లలకు వారి ఫ్రెంచి భాషలోనే చదవడం నేర్పించాడు. ఒడియా పాఠం అర్థంకాక బిత్తరపోయే ఒకటో తరగతి పిల్లకు తెలుగులో రెండు మాటలు చెప్పే టీచరు, మతం ఏదైనా, ఆ వారసత్వాన్నే కొనసాగిస్తున్నట్టు లెక్క. గోడమీది స్థాపకుని పటానికి ఏటా దండ వేయడం నాకు అంత ముఖ్యంగా తోచదు.

జ్ఞానోపదేశం (క్రైస్తవ విశ్వాస బోధ) కతోలిక పిల్లలకు శ్రద్ధగా సాగాలి. దాని బాధ్యతను మీ విచారణ గురువుతో (స్థానిక చర్చి ఫాదర్‌తో) ముందే మాట్లాడుకోండి. ఇతరుల విషయంలో రాజ్యాంగం 28(3) అధికరణం స్పష్టంగా ఉంది: ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో మైనరు విద్యార్థిని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు హాజరుకమ్మనరాదు.

ఇక చేయవలసిన మొదటి పని: ఆ ఇద్దరు సిస్టర్లు వెళ్లేలోగా ఫీజు పుస్తకం ముందు పెట్టుకుని వారి పక్కన కూర్చోండి. ఎవరికి ఫీజు తగ్గించారు, ఎందుకు తగ్గించారు, బడి మానేసిన పిల్ల ఇంటికి ఎవరు వెళ్లి ఏం మాట్లాడారు అని అడిగి రాసుకోండి. అవి ఏ నిబంధనావళిలోనూ దొరకవు.