స్ప్రేతో స్ట్రిప్ చేశాక కూడా సర్క్యూట్ బోర్డు ట్రాకుల (రాగి గీతల) మధ్య ఫోటోరెసిస్ట్ (రాగిని కప్పి ఉంచే, వెలుగుకు స్పందించే పొర) ముక్కలు ఎందుకు మిగులుతాయి?

ఎచ్చింగ్ (అక్కర్లేని రాగిని కరిగించడం) అయిన రాగి బోర్డు మీది డ్రై ఫిల్మ్ (రేకులా అతికించే ఫోటోరెసిస్ట్) గురించే అయితే, ముందు కాస్టిక్ సోడా గాఢత చూడండి. నీళ్లలో 2–3 శాతం, 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే చాలు. పని అవ్వట్లేదని కాస్టిక్ పెంచడమే చాలామంది చేసే తప్పు. గాఢత పెరిగితే ఫిల్మ్ పెద్ద పెద్ద పొరలుగా లేస్తుంది. అవే సన్నని సందుల్లో ఇరుక్కుంటాయి, నాజిల్‌కి అడ్డం పడతాయి. పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే సాధారణంగా ముక్కలు చిన్నగా వస్తాయి.

క్షారం ఫిల్మ్‌ను ఉబ్బించి రాగి నుంచి విడదీస్తుందే తప్ప పూర్తిగా కరిగించదు. విడిపోయినదాన్ని తోసేసేది స్ప్రే ఒత్తిడే. అందుకే ఒక్కో నాజిల్ విప్పి చూడండి, ఫిల్టర్ కడగండి. బోర్డు ఛాంబర్ సగం దాటేలోపే ఫిల్మ్ లేచిపోవాలి. చివరిదాకా లాగుతుంటే ద్రావణం అలిసిపోయినట్టే, కొంత తీసి కొత్తది కలపండి.

టిన్ పూత ఉన్న బోర్డుల సంగతి వేరు. ప్లేటింగ్ (లోహపు పూత) మందం ఫిల్మ్ ఎత్తును దాటి పుట్టగొడుగులా పక్కలకు పొంగితే, దాని కింద చిక్కిన రెసిస్ట్‌ను ఏ స్ప్రే తీయలేదు. అక్కడ మందమైన ఫిల్మే మందు. టిన్‌ను కాస్టిక్ తింటుంది కూడా, ఎక్కువసేపు ఉంచకండి.

కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఛాంబర్ మూత తీయొద్దు.