రెండు పడవలు కావులే, రాసెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

సినిమా పాటల మీదా, గ్యాలరీల్లో పెట్టే బొమ్మల మీదా రెండింటి మీదా సమీక్షలు రాస్తానంటే ఎడిటర్ గారు నవ్వారని రాశావు. నవ్వనీ. బి. నర్సింగరావు గారి సినిమా 'దాసి'కి కళా దర్శకత్వంలో జాతీయ అవార్డు తీసుకున్నది ఎవరనుకున్నావు? తోట వైకుంఠం. పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ ఆడవాళ్లను గీసే ఆ వైకుంఠమే. నర్సింగరావు గారూ కుంచె పట్టినవారే. ఆయన 'రంగుల కల' (1983) ఒక చిత్రకారుడి కథ, గద్దర్ 'భద్రం కొడుకో' అందులోదే. వాళ్లే కలిసి పనిచేశాక మధ్యలో మనం గోడ కట్టడమెందుకు?

పాట మీద రాసేటప్పుడు సాహిత్యం నాలుగు లైన్లు ఎత్తిరాసి సమీక్ష అనుకోకు. (నేనూ పదేళ్లు అదే చేశాను.) ముందు పుట్టింది మాటా, ట్యూనా? అక్కణ్నుంచి మొదలుపెట్టు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ ఎక్కువగా రాసిన పాటకే బాణీ కట్టేవారు. తెలుగు ఆయన మాతృభాష కాదు, పక్కన సహాయకుడు పుహళేంది ఉండేవారు. 'శంకరాభరణం' పాటల్లో మాట ఎక్కడా విరగదు చూడు, సగం కారణం ఇలా మాట ముందు పుట్టడమేనని నా లెక్క. ట్యూన్‌కి రాసిన పాటైతే దీర్ఘం ఎక్కడ సాగింది, ఒత్తు ఎక్కడ నలిగింది అని వెతుక్కుంటూ వినాలి. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్ దగ్గర ఆపి, ఏ వాయిద్యం తర్వాత ఏది వచ్చిందో రాసుకో. హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి, పక్కగదిలోంచి ఒకసారి విను.

బొమ్మ దగ్గరైతే గోడ మీది చీటీ ఆఖర్న చదువు. సైజు మాత్రం కళ్లారా చూసి రాయి. ఒకసారి కేటలాగ్ ముందేసుకుని, ఇంట్లో కూర్చునే ఒక ప్రదర్శన మీద రాసేశాను. 'విశాలమైన కాన్వాస్' అన్నాను. తీరా అది అరచేతి కన్నా కాస్త పెద్ద ప్రింట్! ఆ ఆర్టిస్టు కోప్పడలేదు. "ఈసారి టీ తాగడానికైనా రండి సార్" అన్నాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డబ్బుల సంగతి అడిగావు. ఉద్యోగం మానకు.

వచ్చే నెల వస్తున్నాను. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్దాం. ఫోన్ బ్యాగులో పడేసి నోట్‌బుక్ తెచ్చుకో. అందులో 'అద్భుతం' అన్న మాట కనిపిస్తే ఆ రోజు టీ డబ్బులు నీవే.

నీ పెదనాన్న